గుండె గోడలో రంధ్రం లేదని చెప్పిన హకీం ఇబ్నె నఫీస్

బడి పిల్లల జీవశాస్త్రం పుస్తకంలో గుండె బొమ్మ ఒకటి ఉంటుంది. సగం నీలం, సగం ఎరుపు. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం గుండె కుడివైపుకు చేరుతుంది. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ గాలి అందుకుని ఎడమవైపుకు తిరిగి వస్తుంది. ఆ తర్వాత మళ్ళీ ఒళ్ళంతా పంపిణీ అవుతుంది. ఇవాళ పదో తరగతి పిల్లవాడు రెండు నిమిషాల్లో గీసి చూపించే బొమ్మ ఇది. కానీ ఈ బొమ్మలోని ముఖ్యమైన భాగం, అంటే కుడి గది నుంచి ఎడమ గదికి రక్తం ఊపిరితిత్తుల మీదుగానే పోతుందన్న సంగతి, వెయ్యేళ్ళకు పైగా పెద్ద పెద్ద వైద్యులకు కూడా తెలియదు.

మనకు దొరికిన గ్రంథాల్లో ఆ సంగతిని మొట్టమొదట స్పష్టంగా రాసిపెట్టిన వ్యక్తి 13వ శతాబ్దపు ముస్లిం వైద్యుడు. డమాస్కస్‌లో చదివి కైరోలో స్థిరపడిన ఆయన పూర్తి పేరు అలావుద్దీన్ అబుల్ హసన్ అలీ ఇబ్నె అబిల్ హజ్మ్ అల్ ఖర్షీ. లోకానికి ఇబ్నె నఫీస్‌గా తెలుసు. వైద్యుడే కాదు, షాఫయీ ఫిఖ్‌హ్ బోధించిన ధార్మిక పండితుడు కూడా.

డమాస్కస్ ఆసుపత్రిలో చదువు

ఇబ్నె నఫీస్ 1210 ప్రాంతంలో డమాస్కస్ పరిసరాల్లో పుట్టారు. అప్పటి డమాస్కస్ విద్యకు, వైద్యానికి పేరుమోసిన నగరం. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ కట్టించిన నూరీ బీమారిస్తాన్ అక్కడే ఉంది. బీమారిస్తాన్ అంటే రోగుల నిలయం. పేరుకు ఆసుపత్రే అయినా అదొక వైద్య కళాశాల కూడా. పొద్దున రోగుల మంచాల దగ్గర తిరిగిన ఉస్తాదులు తర్వాత కూర్చుని పాఠం చెప్పేవారు. శిష్యులు పుస్తకంలో చదివిన జబ్బును మంచం మీద చూసేవారు.

ఆ ఉస్తాదుల్లో పేరెన్నికగన్నవారు ముహజ్జబుద్దీన్ అద్దఖ్వార్. ఆయన తన సొంత ఇంటిని వైద్య విద్యార్థుల మదరసాగా వక్ఫ్ చేశారు. ఇబ్నె నఫీస్ ఆయన దగ్గరే వైద్యం నేర్చుకున్నారు. ఉస్తాదు ఇల్లు చదువుకు అంకితమైన సంగతి శిష్యుడి మనసులో నిలిచిపోయి ఉండాలి. ఎందుకంటే ముసలితనంలో శిష్యుడు చేసిన పని కూడా అలాంటిదే.

చదువు పూర్తయ్యాక ఇబ్నె నఫీస్ కైరో చేరుకున్నారు. అక్కడ సలాహుద్దీన్ అయ్యూబీ స్థాపించిన నాసిరీ ఆసుపత్రిలో పనిచేశారు. పేరు పెరిగింది. ముఖ్య వైద్యుడి స్థాయికి ఎదిగారు. తర్వాతి కాలంలో సుల్తాన్ బైబర్స్‌కు కూడా వైద్యం చేశారు. ఒకవైపు రోగులు, మరోవైపు కైరోలోని మస్‌రూరియ్యా మదరసాలో ఫిఖ్‌హ్ పాఠాలు. హదీసు శాస్త్రం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. ఒంటరి దీవిలో పెరిగిన కామిల్ అనే మనిషి తన ఆలోచనతోనే దైవాన్ని, ప్రవక్తల అవసరాన్ని తెలుసుకునే కథ ఒకటి రాశారు. దీన్, వైద్యం ఆయనకు రెండు వేరు వేరు అంగళ్ళు కావు.

వెయ్యేళ్ళ నాటి మాట

అసలు విషయానికి రావాలంటే అప్పటి వైద్యులు గుండె గురించి ఏమనుకునేవారో తెలియాలి. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గేలన్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవారు. అరబ్బులు ఆయన్ని జాలీనూస్ అంటారు. ఆయన చెప్పిందే అందరికీ ప్రమాణం. ఆయన లెక్క ప్రకారం తిన్న ఆహారం నుంచి కాలేయంలో రక్తం తయారవుతుంది. అందులో కొంత గుండె కుడి గదికి వస్తుంది. కుడి గదికీ ఎడమ గదికీ మధ్య ఒక గోడ ఉంది కదా, ఆ గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలున్నాయట. రక్తం ఆ రంధ్రాల గుండా కొద్దికొద్దిగా ఎడమ గదిలోకి ఊరుతుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి అక్కడ దానితో కలుస్తుంది. దాంతో ప్రాణశక్తి పుడుతుంది.

ఆ తర్వాత వచ్చిన ఇబ్నె సీనా అంతటివారు కూడా రెండు గదుల మధ్య దారి ఉందన్న మాటను కాదనలేదు. పైగా గుండెలో మూడు గదులున్నాయని రాశారు. 1037లో మరణించిన ఇబ్నె సీనా రాసిన అల్ ఖానూన్ అప్పట్లో ప్రతి వైద్య విద్యార్థికీ ముఖ్య గ్రంథం. జాలీనూస్ చెప్పాక, ఇబ్నె సీనా కూడా ఒప్పుకున్నాక, ఇక మాట్లాడేదేముంది అనుకునే కాలం అది.

ఇబ్నె నఫీస్‌కు ఇబ్నె సీనా అంటే ఎంతో గౌరవం. ఆయన జీవితంలో చాలా భాగం ఖానూన్‌కు వ్యాఖ్యానాలు రాయడంలోనే గడిచింది. అలా రాసిన వాటిలో ఒకటి షరహ్ తష్రీహుల్ ఖానూన్. ఖానూన్‌లో శరీర నిర్మాణం గురించి అక్కడక్కడ ఉన్న భాగాలను ఒకచోట చేర్చి రాసిన వివరణ అది. 1242 నాటికే, అంటే సుమారు ముప్పై ఏళ్ళ వయసులో, దాన్ని పూర్తిచేశారు. ఆ పుస్తకంలోనే ఆయన అంతవరకు ఎవరూ రాయని మాట రాశారు.

గోడ గట్టిది, దారి వేరే

గుండె మధ్య గోడ మందంగా, గట్టిగా ఉంది. కొందరు అనుకున్నట్టు అందులో పైకి కనిపించే దారి లేదు. జాలీనూస్ అనుకున్నట్టు కనిపించని రంధ్రాలూ లేవు. గదులు మూడు కాదు, రెండే. ఇదీ ఇబ్నె నఫీస్ తేల్చిన మొదటి సంగతి.

మరి దారి లేకపోతే కుడివైపు రక్తం ఎడమవైపుకు ఎలా చేరుతుంది? దీనికి ఆయన జవాబు సూటిగా ఉంది. కుడి గది నుంచి ఒక పెద్ద నాళం ఊపిరితిత్తులకు పోతుంది. రక్తం దాని గుండా వెళ్ళి ఊపిరితిత్తుల్లో పరుచుకుంటుంది. అక్కడ గాలితో కలుస్తుంది. వడకట్టినట్టు శుభ్రపడి మరో నాళం గుండా ఎడమ గదికి వస్తుంది. వెళ్ళే నాళం గోడ మందంగా ఎందుకుంది, వచ్చే నాళం గోడ పల్చగా ఎందుకుంది అని కూడా ఆలోచించారు. మందపు గోడ నుంచి చాలా సన్ననిదే బయటికి ఊరుతుందని, పల్చని గోడ దాన్ని సులువుగా లోపలికి తీసుకుంటుందని వివరించారు. ఆ రెండు నాళాల మధ్య రాకపోకలకు సన్నని దారులు ఉన్నాయని కూడా రాశారు.

గుండెకు ఆహారం ఎలా అందుతుందన్న దాంట్లోనూ ఆయన ఇబ్నె సీనాతో ఏకీభవించలేదు. కుడి గదిలో నిండిన రక్తం నుంచి కాదు, గుండె కండరంలోనే పరుచుకున్న నాళాల నుంచి గుండెకు పోషణ అందుతుందని రాశారు. ఇవాళ గుండెపోటు వచ్చినప్పుడు మూసుకుపోయాయని డాక్టర్లు చెప్పే నాళాలు ఇవే.

ఇదంతా ఆయన ఎలా తెలుసుకున్నారు? షరీఅత్ మీద గౌరవంతోనూ, తనలోని దయ వల్లనూ శరీరాలను కోయడానికి దూరంగా ఉన్నానని ఆ పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. అయినా గుండె గోడ గురించి అంత ధీమాగా ఎలా చెప్పగలిగారన్న దానిపై చరిత్రకారుల్లో నేటికీ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఒక్కటి మాత్రం స్పష్టం. పాతవాళ్ళు చెప్పారు కాబట్టి నిజం అని ఆయన ఊరుకోలేదు. చెప్పిన మాట అవయవం తీరుతో పొసుగుతుందా లేదా అని తూచి చూశారు. పొసగనప్పుడు, ఉస్తాదులను కించపరచకుండానే, కాదని రాశారు.

ఊపిరితిత్తుల్లో నిజంగా జరిగేది

ఆయన చెప్పిన దారి ఎంత ముఖ్యమైనదో తెలియాలంటే ఇవాళ వైద్యశాస్త్రానికి తెలిసిన సంగతి కాస్త చూడాలి. పెద్దవాళ్ళు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఒక్కోసారి సుమారు అర లీటరు గాలి లోపలికి పోతుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉండే ఉదరవితానం కిందికి దిగితే ఛాతీ లోపలి చోటు పెరుగుతుంది, గాలి లోపలికి వస్తుంది. అది పైకి లేస్తే గాలి బయటికి పోతుంది.

ముక్కులో గాలి కాస్త వేడెక్కి, తడి పట్టి, దుమ్ము వదిలించుకుంటుంది. అక్కడి నుంచి గొంతు దాటి వాయునాళంలోకి దిగుతుంది. ఆ నాళం రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్ళీ చీలుతాయి. తలకిందులుగా పెట్టిన చెట్టు కొమ్మల్లా ఇరవైకి పైగా విడతలు చీలి, చివర వాయుగోణులనే చిన్న చిన్న బుడగల దగ్గర ఆగుతాయి. ఇవి 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. వాటి లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తుంది. అంత వైశాల్యం మన ఛాతీలో ఇమిడి ఉంది.

ప్రతి వాయుగోణి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. కుడి గది నుంచి వచ్చిన రక్తంలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. గోణిలోని గాలిలో దీనికి సరిగ్గా ఉల్టా. ఏది ఎక్కడ ఎక్కువుంటే అక్కడి నుంచి తక్కువున్న చోటికి పోతుంది. కాబట్టి ఎవరూ నెట్టకుండానే ఆక్సిజన్ పొర దాటి రక్తంలోకి వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఒక్కో కణం ఆ సన్నని నాళంలో ఉండేది ఒక్క సెకను కన్నా తక్కువే. ఆ కాస్త సమయంలోనే మార్పిడి అయిపోతుంది. లోపలికి వెళ్ళే గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటే బయటికి వచ్చే గాలిలో 16 శాతం దాకా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం 0.04 శాతం నుంచి 4 శాతానికి పెరుగుతుంది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం ఈ దారిలో పోతుంది. గుండె గోడలో రంధ్రాల గుండా ఊరే రక్తంతో ఇదంతా జరగదు. శరీరంలోని రక్తం యావత్తూ ఊపిరితిత్తుల వాకిట్లోంచే పోవాలి. అప్పుడే మనిషి బతుకుతాడు. ఇబ్నె నఫీస్ చెప్పిన దారి విలువ అదీ.

అలాగని ఆయనకు అన్నీ తెలుసని చెప్పడం న్యాయం కాదు. ఆక్సిజన్ సంగతి 18వ శతాబ్దం దాకా ఎవరికీ తెలియదు. రక్తం, గాలి నేరుగా కలుస్తాయనుకున్నారు ఆయన. నిజానికి వాటి మధ్య పల్చటి పొర ఉంది, వాయువులు మాత్రమే దాన్ని దాటుతాయి. రక్తం శరీరమంతా చుట్టి మళ్ళీ గుండెకే తిరిగి వస్తుందన్న పూర్తి లెక్క కూడా ఆయన రాయలేదు. 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే దాన్ని రుజువు చేశారు. ఇబ్నె నఫీస్ ఊహించిన ఆ సన్నని దారులను 1661లో ఇటలీకి చెందిన మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తుల్లో చూశారు. ఒకరు మొదలుపెట్టిన పనిని మరొకరు ముందుకు తీసుకెళ్ళడమే జ్ఞానం తీరు. అందులో ఇబ్నె నఫీస్ వాటా ఆయనకు దక్కితే చాలు, లేనిది కలపాల్సిన అవసరం లేదు.

హమామ్ మధ్యలో రాసిన పుస్తకం

ఆయన తీరు గురించి తర్వాతి తరం రచయితలు కొన్ని ముచ్చట్లు రాసిపెట్టారు. రాయడానికి కూర్చుంటే కలాలన్నీ ముందే చెక్కి పెట్టేవారట. గోడ వైపు ముఖం తిప్పుకుని, ఏ పుస్తకమూ చూడకుండా, వరద పారినట్టు రాసుకుంటూ పోయేవారు. కలం మొద్దుబారితే చెక్కుతూ కూర్చోకుండా పక్కన పడేసి ఇంకోటి అందుకునేవారు. ఆలోచన తెగిపోకూడదని.

ఒకసారి కైరోలో హమామ్‌కు వెళ్ళారు. స్నానం సగంలో ఉండగా ఏదో తట్టింది. అలాగే బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి సిరా, కలం, కాగితం తెప్పించుకున్నారు. నాడి గురించి ఒక వ్యాసం మొదలుపెట్టి చివరిదాకా రాసేశారు. ఆ తర్వాత నిదానంగా లోపలికి వెళ్ళి మిగిలిన స్నానం ముగించారు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు, పుస్తకాలు, శిష్యులు, రోగులు, ఇదే లోకం. వైద్యం మొత్తాన్ని ఒకే చోట చేర్చాలని అష్షామిల్ అనే మహా గ్రంథం తలపెట్టారు. 300 సంపుటాలు రాయాలన్నది సంకల్పం. 80 సంపుటాలు సాఫుగా సిద్ధమయ్యాయి. వాటిలో మిగిలినవి నేడు దేశదేశాల గ్రంథాలయాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. కొన్ని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఈ పనంతా ప్రశాంతమైన రోజుల్లో జరగలేదు. 1258లో మంగోలులు బగ్దాద్‌ను నేలమట్టం చేశారు. 1260లో వాళ్ళు డమాస్కస్ దాకా వచ్చారు. అదే ఏడాది ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టు సేన వాళ్ళను ఆపింది. గ్రంథాలయాలు తగలబడుతున్న కాలంలో కైరోలో ఒక మనిషి కూర్చుని సంపుటం తర్వాత సంపుటం రాస్తూ పోయారు.

ఆఖరి రోజులు

1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో మన్సూరీ ఆసుపత్రి కట్టించారు. జ్వరాలకు, కళ్ళ జబ్బులకు, గాయాలకు, విరేచనాలకు వేరువేరు విభాగాలు. ఆడవాళ్ళకు వేరే ఏర్పాటు. ధనిక, పేద తేడా లేకుండా ఉచిత వైద్యం. ముసలితనంలో ఇబ్నె నఫీస్ మనసు ఈ ఆసుపత్రితోనే ముడిపడింది.

హిజ్రీ లెక్క ప్రకారం ఎనభై ఏళ్ళ వయసులో ఆయన జబ్బుపడ్డారు. తోటి వైద్యులు చూడటానికి వచ్చి, ఈ జబ్బుకు కాస్త మద్యం మందుగా పనికొస్తుందని సలహా ఇచ్చారు. మందుల గుణం ఆయనకు చెప్పాల్సిన పని లేదు, జీవితమంతా ఆ పనిలోనే ఉన్నారు. కానీ కడుపులో మద్యం పెట్టుకుని అల్లాహ్ సన్నిధికి పోవడం తనకు ఇష్టం లేదని తిరస్కరించారు. క్రీ.శ. 1288 డిసెంబర్ 17న, హిజ్రీ 687 జిల్‌ఖాదా నెలలో, జుమా రోజున ఆయన కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

వెళ్ళేముందు తన ఇంటినీ, పుస్తకాలన్నింటినీ మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చేశారు. డమాస్కస్‌లో ఉస్తాదు చేసిన పనే కైరోలో శిష్యుడూ చేశారు.

అరలో పడుకున్న పుస్తకం

ఆ తర్వాత జరిగిందే బాధ కలిగించే సంగతి. ఇబ్నె నఫీస్ పేరు మరుగున పడలేదు. ఖానూన్‌కు ఆయన పేరిట వాడుకలో ఉన్న సంగ్రహం అల్ మూజజ్ ఊరూరా పాఠ్యగ్రంథమైంది. దానికి వ్యాఖ్యానాలు వచ్చాయి. నఫీసీ అనే పేరున్న వ్యాఖ్యానంతో పాటు మూజజ్ మన దేశానికీ చేరింది. కలకత్తాలో అచ్చయింది. తరతరాల యునానీ హకీంలు దాన్ని పాఠంగా చదువుకున్నారు. ఆయన పేరు అందరికీ తెలుసు. కానీ గుండె గోడ గురించి కొత్త మాట ఉన్నది మరో పుస్తకంలో. దాన్ని విప్పి, అందులోని మాట మీద పని చేసినవాళ్ళు చాలా అరుదు. వైద్యులు మళ్ళీ ఆ పాత రంధ్రాల మాటే చెప్పుకుంటూ పోయారు.

యూరప్‌లో 1553లో మైకేల్ సర్వెటస్, 1559లో రియాల్డో కొలంబో ఊపిరితిత్తుల మీదుగా రక్తం పోయే దారిని రాశారు. సర్వెటస్‌ను ఆయన మత అభిప్రాయాల కారణంగా అదే ఏడాది జెనీవాలో సజీవంగా కాల్చేశారు. ఇబ్నె నఫీస్ మాట వాళ్ళ చెవిన పడిందా అన్నది నేటికీ రుజువు కాలేదు. లోకం మాత్రం ఆ దారి కనిపెట్టిన గౌరవాన్ని వాళ్ళకే ఇచ్చింది.

1924లో ముహ్యుద్దీన్ అత్తతావీ అనే ఈజిప్టు వైద్యుడు జర్మనీలో చదువుకుంటున్నారు. బెర్లిన్ గ్రంథాలయంలో షరహ్ తష్రీహుల్ ఖానూన్ చేతిరాత ప్రతి ఆయన కంటపడింది. చదివి చూస్తే హార్వే కన్నా దాదాపు నాలుగు వందల ఏళ్ళ ముందే ఆ మాట అరబీలో ఉంది. ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి ఆయన ఇచ్చిన పరిశోధన పత్రంతో ఆ సంగతి బయటపడింది. జర్మన్ పండితుడు మాక్స్ మేయర్హాఫ్ తన వ్యాసాలతో దాన్ని లోకానికి తెలియజేశారు. రాసిన దాదాపు ఏడు వందల ఏళ్ళకు ఆ పుటకు పాఠకులు దొరికారు.

పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు మనవాళ్ళే ముందు అన్న గర్వం ఒక్కటే చెబితే సగమే చెప్పినట్టు. ఇబ్నె నఫీస్ తనకెంతో ఇష్టమైన ఇబ్నె సీనా పుస్తకాన్ని చదువుతూనే అందులోని పొరపాటును పట్టుకున్నారు. తర్వాతి వాళ్ళు ఆయన్ని గౌరవించారు, పేరు చెప్పుకున్నారు, కానీ ఆ పుస్తకాన్ని అరలోనే ఉంచేశారు. మన ఇళ్ళల్లోనూ పెద్దల పుస్తకాలు బీరువాల్లో ఉంటాయి. వాటిని దుమ్ము దులిపి విప్పాల్సింది, చదివి ప్రశ్న అడగాల్సింది మన పిల్లలే. అల్లాహ్ ఆ హకీం సేవను స్వీకరించుగాక, మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.